మోటరుకు పెట్టిన బొట్టు

మా బావకు ఇంజన్ల మీద ఉన్న ప్రేమ ఇంకెవరి మీదా లేదని మా అక్క అంటుంది. అది అబద్ధం. ఇంజన్ల మీదా ప్రేమే, అక్క మీదా ప్రేమే. రెండూ ఒకేసారి మొరాయిస్తే మాత్రం ఇంజను దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాడు, అది ఎదురు మాట్లాడదు కాబట్టి.

ప్రగతి నగర్ చెరువును కమ్మేసిన గుర్రపు డెక్క మొక్కలు తీయించే పని బావది. డెక్కను తాళ్లతో చుట్టి, పడవకు కట్టి, గడ పోటుతో ఒడ్డుకు లాక్కొస్తారు. నడుం పడిపోయే పని. అందుకే ఎవరో వదిలించుకుంటుంటే ఒక పాత పడవ మోటరు పట్టుకొచ్చాడు. పడవ వెనక చెక్కకు బిగించే రకం, కార్బరేటరు ఉన్న కాలం నాటిది. దాని పెట్రోలు టాంకు విడిగా ఎర్రటి డబ్బాలా పడవలోనే ఉంటుంది. అక్కడినుంచి మోటరుకు ఒక రబ్బరు పైపు, ఆ పైపు మధ్యలో పెట్రోలు ఎక్కించడానికి చేత్తో పిసికే బల్బు.

నేను వాళ్ల పై వాటాలో ఉంటాను. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. పొద్దంతా తప్పులు వెతికి, ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ ఇంటికొస్తే, బావ మెట్ల దగ్గరే కాచుకుని ఉండేవాడు, "బామ్మర్దీ, జర కిందికి రా" అని.

మోటరు ఇంటికొచ్చిన రోజు అక్క దానికి పూజ చెయ్యనంది. ఒకప్పుడు మా సందులో ఎవరు బండి కొన్నా మొదటి బొట్టు అక్కే పెట్టేది. అయితే బావ ట్రాలీ ఆటో కొన్నప్పుడు ఆమె పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన వారంలోనే అది నిజాంపేట దారిలో బోల్తా పడింది. బావ కాలు విరిగి దవాఖానలో పడుకున్నాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. తనకు తనే అనుకుంది, "నా చెయ్యి మంచిది కాదు" అని. ఆ తర్వాత ఎవరు పిలిచినా తలనొప్పి అనేది, నీళ్లు వచ్చే టైమనేది. నాకు ఒళ్లు మండిపోయేది. చదువుకున్న మాటలు ఎన్ని చెప్పినా అక్క నవ్వి ఊరుకునేది.

బావ నాలా వాదించలేదు. మోటరును గడప బయటే పెట్టాడు. "నువ్వు బొట్టు పెడితెనే ఇది లోపలికొస్తది. లేకుంటె గీడనే ఉంటది, దొంగలెత్తుకపోయినా సరే" అన్నాడు. చాలాసేపటికి అక్క పసుపు గిన్నెతో బయటికొచ్చింది. ఇన్నాళ్ల భయమంతా ఒకేసారి తీర్చుకున్నట్టు మోటరుకూ, టాంకుకూ, పైపుకు కూడా పసుపు దట్టంగా పూసి, కుంకుమ అద్ది, కళ్లు మూసుకుని దండం పెట్టింది. బావ నా వైపు చూసి కన్ను కొట్టాడు.

మోటరు చెరువులో మొదటి రోజే మొండికేసింది. తాడు లాగగానే స్టార్ట్ అయ్యేది, నెమ్మదిగా పోతుంటే బుద్ధిగా ఉండేది. స్పీడు పెంచితే కాస్త ఊపందుకుని, గొంతు పట్టుకున్నట్టు గురగురలాడి చచ్చిపోయేది. కాసేపు ఆగితే మళ్లీ మామూలే. డెక్క కట్టి లాగబోతే మళ్లీ అదే కథ.

అక్క ఒడ్డున నిలబడి చూసింది. ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పెడుతూ, "నేను చెప్తనే ఉన్న గదా" అంది. అంతే. ఆ ఒక్క మాటతో ఆ మోటరు బాగుపడటం మా ఇద్దరికీ ప్రాణం మీదికొచ్చిన పనైపోయింది. సద్దుల బతుకమ్మ దగ్గర పడుతోంది. పోయినేడు ఒడ్డున డెక్క వల్ల అక్క బతుకమ్మ నీళ్లలో సాగనే లేదు, ఆకుల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. ఈసారి మోటరు పడవలో చెరువు నడుమకు తీసుకెళ్లి వదిలిస్తానని బావ అందరి ముందూ మాటిచ్చాడు. ఆ రోజు మోటరు ఆగిపోతే, అక్క ఇక ఈ జన్మలో దేనికీ బొట్టు పెట్టదు.

ఇక మొదలైంది మా వైద్యం. ప్లగ్గులు మార్చాం. నీళ్లలో తిరిగే పంకాకు చుట్టుకున్న డెక్క వేళ్లు కోసేశాం. పెట్రోలు వడగట్టే ఫిల్టరు కొత్తది వేశాం. కార్బరేటరు విప్పి, సన్న బెజ్జాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాం. నేను ఆఫీసులో భోజనం చేస్తూ ఫోన్లో వీడియోలు చూసి వచ్చి సలహాలిచ్చేవాణ్ని. బావ వాటిని మర్యాదగా విని, తనకు తోచిందే చేసేవాడు. విప్పిన ప్రతిసారీ మోటరును గుడ్డతో అద్దంలా తుడిచేవాళ్లం, పసుపు కుంకుమలున్న చోట్లు మాత్రం వదిలేసి. పూజ చేసిన బొట్టు ఎవరు తుడుస్తారు? దానంతటది రాలిపోవాలి గానీ.

ఇంటి వెనక నీళ్ల డ్రమ్ములో మోటరును ముంచి నడిపితే ఏ లోపమూ ఉండేది కాదు. పూర్తి స్పీడులో పెట్టినా సందు సందంతా దద్దరిల్లేలా మోగేది. చెరువులోకి తీసుకెళ్తే గురక. నాకు తల తిరిగిపోయింది. మా ఆఫీసులో ఇలాంటిది రోజూ చూస్తాను, రాసినవాడి కంప్యూటర్లో బాగానే ఉంటుంది, వాడేవాడి దగ్గర చస్తుంది. తేడా ఎక్కడుందో చూడాలని పొద్దున్నే ఆ రాసినవాళ్లకు నీతులు చెప్పి, సాయంత్రం ఇక్కడ అదే తేడా కనిపెట్టలేకపోయాను. ఇంటి దగ్గర మేం పెట్రోలు పోసింది కూల్‌డ్రింక్ సీసాలో. టాంకు పడవలోనే ఉండేది.

పండుగ ముందు ఆదివారం పొద్దున చెరువు నడుమ మోటరు మళ్లీ ఆగింది. బావ తలపట్టుకుని కూర్చున్నాడు. ఏమీ తోచక బల్బు పిసుకుదామని పట్టుకుంటే, అది ఎవరో లోపలినుంచి పీల్చేసినట్టు చప్పిడిగా అతుక్కుపోయి ఉంది. పెట్రోలు ఉందా లేదా అని టాంకు మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. చేతిలో బల్బు మెల్లగా ఉబ్బింది.

బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూత వదులుగా ఉంచి తాడు లాగాడు, స్పీడు పెంచాడు. పడవ ముక్కు పైకి లేచి అవతలి ఒడ్డు దాకా ఆగకుండా పోయింది. నేను అరిచాను, బావ ఈల వేశాడు.

పెట్రోలు బయటికి పోవాలంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి. అందుకోసం మూత నడిమధ్యన ఒక సన్న బెజ్జం, దాన్ని తెరిచి మూయడానికి పక్కనే చిన్న మర. బావ రోజూ ఆ మర వదులు చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మూత చేతిలోకి తీసుకుని చూశాడు. ఈల ఆగిపోయింది. బొట్టు ఎవరైనా నడిమధ్యనే కదా పెడతారు. బెజ్జం నిండా పసుపు, దాని మీద కుంకుమ, ఎండి సిమెంటులా గట్టిపడ్డాయి.

"మీ అక్కకు చెప్పకు" అన్నాడు బావ.

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు బావా."

మూత జేబులో వేసుకుని ఇంటికెళ్లాక బావ అక్కను ఒక పిన్నీసు అడిగాడు. ఆమె గాజుకున్నది తీసిచ్చింది. ఇంటి వెనక్కెళ్లి దాంతో బెజ్జం వరకే గుచ్చి పొడి రాల్చాడు, చుట్టూ ఉన్న బొట్టును ముట్టుకోలేదు. "కార్బరేటర్ల చెత్త ఉండె. ఇగ ఫికర్ లేదు" అని పిన్నీసు తిరిగిచ్చాడు. నేను గోడ మీది క్యాలెండరును చాలా శ్రద్ధగా చూశాను. అక్క "మంచిది" అని లోపలికెళ్లింది.

సద్దుల నాటి సాయంత్రం సందులోని ఆడవాళ్లంతా పాటలు పాడుతూ చెరువు దగ్గరికొచ్చారు. తంగేడు, గునుగు, బంతి వరసలతో అక్క బతుకమ్మ ఆమె మోకాలి దాకా ఉంది. నేను దాన్ని పట్టుకుని పడవెక్కాను. బావ కుంకుమ భరిణె అక్క ముందు పెట్టి, "పండుగ గదా, మోటరుకు ఒక బొట్టు పెట్టు" అన్నాడు. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. ఈ మనిషికి బుద్ధి లేదు, ఆగిపోతే ఎలా?

అక్క వేలు కుంకుమలో ముంచి టాంకు వైపు వంగింది. వేలు మూత నడిమధ్యకు వెళ్లి, అక్కడ ఆగింది. తర్వాత పక్కకు జరిగి, అంచున చిన్న చుక్క పెట్టింది.

"నడుమల పెడ్తె దానికి గాలాడదు గదా" అంది.

"నీకెట్ల తెలుసక్కా?" అన్నాను నేను.

"పిన్నీసు కొనకు నా పసుపే ఉండె, పెట్రోలు వాసనతోని. ఎవరు ముందు చెప్తరో చూద్దామని ఊకున్న. ఇద్దరికిద్దరు దొంగలే."

"నువ్వు బాధ పడ్తవని..." అని నసిగాడు బావ.

"బాధేందయ్యా!" అక్క కళ్లలో నీళ్లున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "ఇన్నేండ్ల సంది నా చెయ్యే మంచిది గాదనుకుంట ఏడ్సిన. చెయ్యికేం కాలె. జర పసుపు ఎక్కువైంది, అంతే. గది చెప్పనీకి మీకు నోరు రాకపాయె!"

పడవెక్కి నా పక్కన కూర్చుని, బతుకమ్మను ఒళ్లోకి తీసుకుంది. బావ తాడు లాగాడు. నెమ్మదిగా పోనిస్తుంటే అక్క వెనక్కి తిరిగి, "ఏంది గిట్ల పోతున్నవ్, స్పీడు పెంచు" అంది.