మేత ముట్టని పిల్ల

నా కూతురికి ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటర్ పెట్టి, పాలలో చిదిమిన జొన్నరొట్టె ముందుంచుతాను. ఆ వాసనకు తిరుమలగిరిలో మా వాకిలి గుర్తొస్తుంది.

నాకప్పుడు ఏడేళ్లు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ దవాఖానకు పోదామంది. గొర్రెలు కాసే మా నాయిన, గొర్రెపిల్లలకు చూసినట్టే నా చెవులు పట్టి చూశాడు.

"జర ఆగు. మేత ముట్టిన జీవం ఇంటికాడనే కోలుకుంటది. ముట్టకుంటెనే డాక్టర్ కాడికి," అన్నాడు.

పాలలో చిదిమిన రొట్టె కంచం నా ముందు పెట్టి, మందకు నీళ్లు పెట్టడానికి వెళ్ళాడు. కంచం ఖాళీ అయితే సూది తప్పుతుందని మాత్రమే నాకు అర్థమైంది. ముద్ద గొంతు దిగలేదు. మంచంకోడుకు కట్టేసిన గొర్రెపిల్ల ముందుకు కంచం జరిపాను. అది అడుగు దాకా నాకేసింది.

నాయిన తిరిగొచ్చి ఖాళీ కంచం చూశాడు. గొర్రెపిల్ల మూతికంటిన పాలు కూడా చూశాడు. తిట్టలేదు.

"దీనికైతే జ్వరం లేదు. లే బిడ్డా, సూర్యాపేట బస్సుకు పోదాం," అంటూ గొంగడితో సహా నన్ను ఎత్తుకున్నాడు. సూదికి భయపడి దారంతా ఏడ్చాను.

ఇప్పుడు నేను ముందు థర్మామీటర్‌లో అంకె చూస్తాను. తర్వాత కంచం చూస్తాను. కంచం మరీ శుభ్రంగా ఉంటే, మంచం కింద కూడా చూస్తాను.