బట్టల తీగ కింది బంతి

ఇంట్లో కాక బయట నేర్చుకున్న విద్య నాకు ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఆయాసం వల్ల బడికి పంపలేదు. నాయన పలక మీద అక్షరాలు దిద్దించాడు, అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని పారాయణం చదివించింది. యాభై దాటాక గోల్ఫ్ కూడా ఇంట్లోనే నేర్చుకుంటానని దేవుడికి తప్ప ఎవరికి తెలుసు?

నేర్పింది మా కింది వాటాలో ఉండే అక్క. కాకినాడ వైపు మనిషి. ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయింది. ఉద్యోగంలో ఉండగా ఆఫీసు వాళ్ల మైదానంలో ఆడేదట. నాచారంలో మా డాబా మీద ఒక మూల తులసికోట, మరో మూల నీళ్ల ట్యాంకు, మధ్యలో బట్టల తీగ. తీగకు అవతల పిట్టగోడ మీదుగా పాత బొంత వేలాడదీసి, దానికి తగిలేలా బంతి కొట్టమనేది అక్క. షరతు ఒక్కటే, బంతి తీగ కింద నుంచే పోవాలి. పైకి లేస్తే ఆరేసిన చీరలకు తగులుతుంది, ఇంకా లేస్తే పక్కింటి కిటికీకి. తులసమ్మ దగ్గర చెప్పులు వేసుకోను కనుక వట్టి కాళ్లతోనే కొట్టేదాన్ని. కొన్నాళ్లకు బోడుప్పల్ నుంచి మా వదిన కూడా వచ్చి చేరింది. పొలం పనిలో పెరిగిన చేతులు ఆమెవి. కొడితే బొంతలోంచి దుమ్ము లేచేది.

అక్కకు ఎప్పటినుంచో ఒక కోరిక. సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఉండే మైదానంలో ఒక్కసారి ఆడాలని. ఉద్యోగంలో ఉన్నప్పుడు సెలవు దొరకలేదు, తర్వాత తోడు దొరకలేదు. మేము దొరికాక విశాఖ వైపు అలాంటి మైదానం ఉన్న ఒక రిసార్టులో గది తీసుకుంది. "ఆడితే ముగ్గురం ఆడదాం. లేకపోతే ముగ్గురం ఇడ్లీలు తినేసి వచ్చేద్దాం," అంది. నేను ఉప్పల్ వెళ్లి బూట్లు కొనుక్కున్నాను.

రైలు దిగి అక్కడికి చేరేసరికి పొద్దెక్కింది. ఒకవైపు ఇసుక దిబ్బలు, వాటి మధ్య పచ్చిక, అవతల సముద్రం. ఇంత అందం చూడటానికి నన్ను పిలిచావా స్వామీ అని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆటగాళ్లను వరసగా లోపలికి పంపే పెద్దాయన మమ్మల్ని ఆపాడు.

"ఏ క్లబ్బులోనైనా ఆడేవోరా అమ్మా?"

అక్క తన పాత కార్డు చూపించింది. మా ఇద్దరికీ ఏమీ లేదు. అలాంటప్పుడు మూడేసి బంతులు కొట్టి చూపాలట. ఒక్కటైనా అదిగో ఆ తెల్ల రాయి దాటాలి. లేకపోతే వెనక వచ్చేవాళ్లకు ఆలస్యం అవుతుందని లోపలికి పంపరు.

వదిన మొదటి దెబ్బకే దాటించింది. "గంతేనా? ఇంకో రాయి పెట్టు పెద్దాయనా!" అంది.

నా వంతు వచ్చింది. మొదటిసారి కర్ర గాలిలోనే తిరిగింది. రెండోసారి బంతి నిటారుగా పైకి లేచింది. సముద్రపు గాలి దాన్ని పట్టుకుని దాదాపు నా వెనక్కే తెచ్చి పడేసింది.

"నాతోని అయితలేదక్కా," అన్నాను. "మీరిద్దరు ఆడుండ్రి. నేను గీడ కూసొని సూస్త."

"కూర్చుంటే ముగ్గురం కూర్చుందాం," అంది అక్క. నవ్వుతూనే అంది కానీ, ఆమె కళ్లు నా మీద లేవు. దిబ్బల అవతల బంతి పడాల్సిన గుంటలో పాతి, రెపరెపలాడుతున్న జెండా మీద ఉన్నాయి. నా ఒక్క బంతి మీద ఆమె ఇన్నేళ్ల కోరిక వేలాడుతోంది. బంతి కోసం దేవుణ్ణి అడగడం సిగ్గనిపించింది. ఆయనకు వేరే పనులు ఉంటాయి. వంగి బూట్లు విప్పాను.

"అదేటమ్మా, గుడికొచ్చినట్టు విప్పేత్తన్నారు?" అన్నాడు పెద్దాయన.

"మా వదినకు గుడి గాని జాగ ఏడుంది?" అంది వదిన.

"ఇక్కడ బూట్లుండాలమ్మా." ఆగి, నా వైపూ అక్క వైపూ చూశాడు. "సరే, నాకు ఎండ కళ్లల్లో పడతంది. మీ కాళ్లకేసి చూడను, బంతికేసే చూత్తాను."

పచ్చిక చల్లగా తగిలింది, దాని కింద నేల ఉన్నట్టు తెలిసింది. అక్క నా పక్కకు వచ్చింది. "చెల్లీ, ఎదురుగా బట్టల తీగ ఉందనుకో."

"నా పట్టుచీర ఆరేసిన్నే," అంది వదిన. "తాకిందనుకో, ఇంటికి రానియ్య!"

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కొట్టాను. బంతి మోకాలెత్తు కూడా లేవలేదు. కనిపించని చీరల కింద నుంచి దూరి, ఎత్తున వీచే గాలికి దొరక్కుండా, గట్టి నేల మీద గెంతుతూ వెళ్లి తెల్ల రాయిని దాటి ఆగింది.

"సముద్రం కాడ ఇలాగే కొట్టాలి," అన్నాడు పెద్దాయన. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"ఇంట్లోనే," అన్నాను. అమ్మ, నాయన వినాలన్నంత గట్టిగా.

బూట్లు వేసుకుని లోపలికి వెళ్లాం. ఎన్ని బంతులు పొదల్లో పోయాయో, వదిన గాలిని ఎన్ని తిట్లు తిట్టిందో చెప్పలేను. ఆఖరి గుంట సముద్రం అంచునే ఉంది. అక్క నెమ్మదిగా బంతిని తోసింది. అది అంచు దాకా పోయి, ఆలోచించుకుని, లోపల పడింది. అక్క వంగి గుంటలో చెయ్యి పెట్టింది. ఎంతసేపటికీ తియ్యలేదు.

"ఏందక్కా, లోపల ఏమన్న కరిసిందా?" అంది వదిన.

అక్క తల ఎత్తింది. ముఖమంతా తడి, దాని నిండా నవ్వు. "ఉండవే, ఇప్పుడే కదా వచ్చాను," అంది.