సొనున్ ఎజె తిట్టిన తివాచీ

మా వీధి చివర కాలువ పక్కన సొనున్‌కు తివాచీలు కడిగే షెడ్డు ఉంది. వయసు యాభై దాటింది. మా జలాల్-అబాద్‌లో ఎజె అంటే అక్క. అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. ఎదురుగా నాది సంసాలు, అంటే మాంసం కూరిన సమోసాల్లాంటివి, కాల్చే తందూరు. నేను పిండి పిసికేది, ఉల్లిపాయలు తరిగేది ఆవిడ మాటలు వింటూనే.

ఆవిడ మనుషులతో మాట్లాడేది తక్కువ. తివాచీలతో మాత్రం ఆపకుండా మాట్లాడుతుంది. రబ్బరు బూట్లు తొడుక్కుని, తివాచీని నేల మీద పరిచి, పైపుతో నీళ్లు కొడుతూ దాన్ని నిలదీస్తుంది. "నీ మీద కూర్చుని టీ తాగారా, టీతో స్నానం చేశారా? చెప్పవేం?" అంటుంది. నాకు అలవాటే కాబట్టి నవ్వు కూడా వచ్చేది కాదు.

బజారు వైపు పెద్ద యంత్రాలతో, బొమ్మలు వేసిన వ్యానుతో తివాచీలు కడిగే కొత్త దుకాణం ఒకటి తెరిచాక ఆవిడ షెడ్డుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. భర్త మమసాలి పాత బండిలో తివాచీలు మోసుకొచ్చేవాడు. ఇప్పుడు ఆ బండి గోడకు ఆనుకుని ఊరికే నిలబడేది.

"ఇన్‌స్టాగ్రామ్‌లో లేనివాళ్లు ఊళ్లో లేనట్టేనంట" అన్నాడు మమసాలి ఒకరోజు నా దగ్గర సంసా తింటూ. "ఆ పని చేసిపెట్టే వాళ్లుంటారంట. ఒకణ్ణి పెట్టుకోమంటున్నా."

అలా వచ్చాడు ఎర్నిస్. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో లాప్‌టాప్. షెడ్డులో తడి తగలని చోటు వెతుక్కుని కూర్చున్నాడు. నెల తిరిగేసరికి సొనున్ పేజీకి ఫాలోవర్లు వేలల్లో చేరారు. తివాచీ మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఇంతమందిలో ఒక్కళ్ల ఇంట్లో కూడా తివాచీ లేదా, తమ్ముడూ?" అని అడిగింది సొనున్.

"ముందు పేరు రావాలి ఎజె. ఆర్డర్లు వాటంతటవే వస్తాయి."

"సరే, ఇదిగో ఈయనెవరో మన ఫొటో కింద బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఏ ఊరు?"

ఎర్నిస్ వంగి చూశాడు. "బ్రెజిల్ అనుకుంటా."

"ఆయన తివాచీ తేవడానికి మా ఆయన్ని ఏ బండిలో పంపమంటావు?"

ఎర్నిస్ లాప్‌టాప్ మూసేశాడు. చేసిన నెలకు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఇక ఈ ఊసే వద్దంది సొనున్. నేను ఊరుకోలేకపోయాను. మా వెనక వీధి కోడలు ఐజిరెక్ పెళ్లికి ముందు రాజధాని బిష్కెక్‌లో ఒక బట్టల దుకాణానికి ఈ పనే చేసేది. ఒక్కసారి మాట్లాడి చూడమన్నాను.

ఐజిరెక్ వచ్చింది. లాప్‌టాప్ లేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

"తివాచీ కడిగించాలని ఇంట్లో ముందు ఎవరంటారు ఎజె?"

"అత్తగారు."

"కడగాల్సింది ఎవరు?"

"ఇంకెవరు, కోడలు."

"మరి మీకు ఫోన్ చేసేది?"

సొనున్ చేతిలో బ్రష్ ఆగింది. "కోడళ్లే. అత్తగారు నిద్రపోతుంటే చేస్తారు, గుసగుసగా."

"అయితే మనం మాట్లాడాల్సింది ఈ ఊరి కోడళ్లతోనే. బ్రెజిల్‌తో మనకేం పని" అంది ఐజిరెక్. ఆ పిల్ల కళ్లు అప్పటికే వెలిగిపోతున్నాయి. "ఒక షరతు. నాకు నచ్చింది తీస్తాను. మీరు చూసి సరే అంటేనే పెడతాను."

మొదటి వీడియోలు తేలిపోయాయి. కెమెరా ముందు సొనున్ కొత్త తలగుడ్డ కట్టుకుని, చేతులు రెండూ తొడలకు అతికించి, "గౌరవనీయులైన నగరవాసులారా" అని మొదలుపెట్టేది. మమసాలి గోడ వెనక నిలబడి నోరు మూసుకుని నవ్వేవాడు.

తర్వాత ఒకరోజు జింకల తివాచీ వచ్చింది. పాతకాలంలో గోడకు తగిలించే రకం. ఎవరో నేల మీద పరిచేసినట్టున్నారు. అక్రోటు పచ్చితొక్కల మరకలు నల్లగా దిగిపోయాయి. సొనున్ కెమెరా సంగతి మరిచిపోయి నడుము బిగించింది.

"అయ్యో నా జింకల్లారా, మీరు ఏ అడవిలో తిరిగొచ్చారు? మీ మీద ఎలుగుబంటి గానీ పొర్లిందా? పొర్లితే పొర్లింది, అక్రోట్లు కూడా ఇక్కడే వలుచుకుని తినాలా?" అంటూ బ్రష్‌తో రుద్దింది. కాఫీలాంటి నీళ్లు కాలవ కట్టాయి.

ఐజిరెక్ తను తీసిన వీడియో చూపించినప్పుడు సొనున్ సిగ్గుపడింది. "ఇందులో నేను తిట్టేదే ఉంది కదే."

"అదే కావాలి ఎజె."

సొనున్ సరే అన్నాక మధ్యాహ్నం పెట్టారు. మా ఊరివాళ్లకే కనబడేలా కాస్త డబ్బు కట్టింది ఐజిరెక్. సాయంత్రానికి సొనున్ ఫోన్ మోగడం మొదలైంది, ఆగితే ఒట్టు. సబ్బు చేతులతో ఎత్తలేక నాకిచ్చింది. నేను ఒక చేత్తో సంసాలు తీస్తూ, ఇంకో చేత్తో చిరునామాలు కాగితపు సంచుల మీద రాశాను. ఆ దుకాణం నాదే అయినట్టు హడావిడి పడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఒక భారీ మనిషి గేటు తోసుకుని వచ్చింది. బజారులో అక్రోట్లు అమ్మే బుర్మాకాన్. ఆవిడ కొడుకు పెళ్లి ఫొటోలన్నిటి వెనకా ఆ జింకలే ఉన్నాయట. చుట్టాలందరూ వీడియో చూసి గుర్తుపట్టేశారు.

"ఎలుగుబంటి వచ్చింది" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "ఎక్కడ నా తివాచీ?"

ఐజిరెక్ ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి, "ఆ వీడియో ఇప్పుడే తీసేస్తాను, అపా" అంది, పెద్దవాళ్లను అమ్మా అన్నట్టు.

సొనున్ పైపు కట్టేసి ముందుకొచ్చింది. "తప్పు ఆ పిల్లది కాదు, నాది. తివాచీని తిడితే ఇంటావిడకు తగులుతుందని ఆలోచించలేదు. మీకు పది మందిలో తలవంపు తెచ్చాను. కడిగినదానికి ఏమీ వద్దు. వచ్చి చూడండి."

వెనక పెరట్లో తీగ మీద తివాచీ ఆరుతోంది. బుర్మాకాన్ దాని ముందు నిలబడింది. దగ్గరికి వెళ్లి, జింకల కాళ్ల దగ్గర వేలితో తడిమింది.

"ఇక్కడ గడ్డి ఉందా?"

"ఉంది. పూలు కూడా ఉన్నాయి, చూడండి."

"మా అత్తగారు చెప్పేది, పచ్చిక మీద జింకలని. ముసలావిడకు చూపు మందగించి అలా అంటోందనుకున్నా." ఆవిడకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు. చివరికి ఐజిరెక్ వైపు తిరిగింది. "తీసేస్తే ఊరంతా చూసింది నా మురికి ఒక్కటే అవుతుంది. కడిగాక ఇలా ఉందని కూడా వీడియో తియ్యి. నేనూ ఉంటాను. నాకూ ఒక మాట ఉంది."

ఐజిరెక్ ఫోన్ ఎత్తి తీసింది. బుర్మాకాన్ తివాచీ పక్కన నిలబడి, సొనున్‌ను వేలితో చూపిస్తూ అంది: "ఈవిడ నన్ను ఎలుగుబంటి అంది. అననివ్వండి. ఆ ఎలుగుబంటి కొండెక్కి అక్రోట్లు తెస్తేనే మీరు చలికాలమంతా కూర్చుని నమిలేది. ఈవిడ నోరు చెడ్డదే గానీ, చెయ్యి మంచిది. నా గడ్డి నాకు చూపించింది."

సొనున్ ఆపుకోలేక ఫక్కున నవ్వింది. బుర్మాకాన్ కూడా నవ్వేసింది. అక్కడ ఆగింది వీడియో.

ఆ తర్వాత జరిగింది మా వీధి ఎప్పుడూ చూడలేదు. పక్క ఊళ్లు ఓష్‌లో చూశారు, ఉజ్గెన్‌లో చూశారు, రష్యాలో పనిచేసే మా పిల్లలు చూసి ఇంటికి ఫోన్ చేశారు. ఎవరూ "ఎంత తీసుకుంటారు" అని అడగడం లేదు. "మా తివాచీని కూడా తిడతారా?" అని అడుగుతున్నారు. ఒక కోడలైతే నాతోనే గొంతు తగ్గించి అంది: "నన్ను తిట్టినట్టు ఉండకూడదు అపా. టీ ఒలకబోసేది మా మామగారు. ఆయనకు తగలాలి."

సొనున్ ఒక నియమం పెట్టింది. నోరు తెరిచి అడిగినవాళ్ల తివాచీనే కెమెరా ముందు తిడుతుంది, మిగతావాటిని ఎప్పటిలాగే తనలో తాను. రోజుకొకటి తిట్టి, మిగిలిన సమయమంతా కడిగేది. మమసాలి బండి తెల్లారితే రోడ్డు మీదే. బజారు దుకాణంలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, "మీ దగ్గర నవ్వుతూ పనిచేయొచ్చంట కదా" అని చేరిపోయారు. ఐజిరెక్ జీతం పెంచమని అడగలేదు, వాటా అడిగింది. "అడిగావు, బాగుంది. నేనే ఎలా చెప్పాలా అనుకుంటున్నా" అంది సొనున్.

మేం ఐత్ అనే ఈద్ పండగ ముందు వారం షెడ్డులోనూ పెరట్లోనూ చోటు చాలలేదు. కాలువ కంచె పొడవునా, నా తందూరు గోడ మీద, పక్కింటి ట్రక్కు మీద కూడా తివాచీలు ఆరేశారు. ఎరుపులు, నీలాలు, నెమళ్లు, గులాబీలు గాలికి ఊగుతుంటే బడి వదిలిన పిల్లలు వాటి కింద నుంచి దూరి పరుగెత్తారు. మమసాలి రోడ్డు మధ్యలో నిలబడి, ఎదురొచ్చే కార్లన్నిటికీ చెయ్యి అడ్డం పెట్టి, "ఇటు దారి లేదు, తడి తివాచీలున్నాయి, చుట్టు తిరిగి పోండి" అని అరుస్తున్నాడు. అతను అంత సంతోషంగా అరవడం నేను వినడం అదే మొదటిసారి.