చిలుము సేద్యం

ఇత్తడి మీద చిలుము కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. చెంబు అడుగున పచ్చటి చుక్క ఒకటి ఉన్నా కోడలిని పిలిచి మళ్లీ తోమించే మనిషిని. అలాంటి నా ఇంట్లోనే, నా కళ్ల ముందే, నన్ను కట్టుకున్నవాడు కొత్త ఇత్తడికి పనిగట్టుకుని చిలుము పట్టించాడు. చదివింది మూడో తరగతే గనుక ఆ గొప్పతనం నాకు అర్థం కాదని ఆయన అనేవాడు. నిజమే, ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎనభైల మొదట్లో మాట. చిత్తూరులో మాకు బెల్లం మండీ ఉండేది. దాన్ని పెద్దకొడుక్కి అప్పగించి ఊరికే కూర్చోలేక, మా ఆయన ఒక పాత జమీందారు ఇంటి కొట్టంలో పడి ఉన్న నల్లటి ఇంగ్లీషు కారును ఎద్దులబండికి కట్టి లాక్కొచ్చాడు. దొరల కాలంనాటిదట. అప్పటిదాకా అందులో కోళ్లు పొదిగేవి. ఇంజను బాగుచేయిస్తే దగ్గుతూ మూలుగుతూ కదిలింది. కానీ తలుపులకు పిడులు లేవు. ముందు దీపాల చుట్టూ రింగులు లేవు. ఇంజనుకు నీళ్లు పోసే చోట మూత లేదు. ఎవరో ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు కొనుక్కుని ఉంటారు.

మద్రాసులో పాతకార్ల వాళ్ల సంఘం ఒకటి ఉండేది. ఏడాదికోసారి సముద్రం ఒడ్డున కార్లన్నిటినీ వరసగా నడిపేవాళ్లు. ఆ వరసలో తన కారు కూడా నడవాలి, మా ఆయనకు అదొక్కటే కోరిక. దానిముందు మనవరాలికి పేరుపెట్టిన పండగ కూడా ఆయన కంటికి ఆనలేదు. వీధిలో ప్రతి అరుగు మీదా కూర్చుని మద్రాసు ప్రయాణం చాటేశాడు. అయితే ముందుగా సంఘం పెద్దమనిషి ఒకరు వచ్చి, కారు చూసి, సరే అనాలి. సామాన్లన్నీ అప్పటివే అయితేగానీ ఒప్పుకోరని మా ఆయన నమ్మకం.

తిరుపతిలో దీపపు కుందులు పోతపోసేవాళ్ల దగ్గర పిడులు, రింగులు, మూత చేయించి తెచ్చాడు. బంగారంలా మెరిసిపోతున్నాయి. నేను మురిసిపోయాను. ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

"ఏందయ్యా, ఇంత బాగుంటే ఏడస్తావు?" అన్నాను.

"బాగుండేదే గదే బాధ! కారు ముసిలిది, పిడి నిన్న పుట్టినట్టుండాది. సూస్తానే దొరికిపోతాం."

"ముసిలిదానికి కొత్త గాజులేస్తే తప్పా?"

"నీకు తెలీదు, ఊరుకోయే."

కారు బాగుచేసిన మేస్త్రీని పిలిపించాడు. ఇద్దరూ కలిసి ముందుగా నా పుల్లమజ్జిగ కుండలో పిడులు నానేశారు. మర్నాడు తీసి చూస్తే అవి ఇంకా మెరుస్తున్నాయి! పులుపు తగిలితే ఇత్తడి ఇంకా తళతళలాడుతుందని ఇన్నేళ్లు నా వంటింట్లో తిన్న మనిషికి తెలియకపోవడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుండెడు మజ్జిగా దిబ్బపాలు.

తర్వాత ఉప్పు రాసి, గోనెపట్టా చుట్టి, ఆవు పంచితం చల్లి, పెరట్లో పేడదిబ్బలో పాతిపెట్టారు. ఇక చూడాలి ఆ సేద్యం! పొద్దున లేవగానే మొహమైనా కడక్కుండా దిబ్బ దగ్గరికి పోయి, విత్తనం మొలిచిందా లేదా అన్నట్టు తవ్వి చూసి మళ్లీ పూడ్చేవాడు. సొంత మడిలో ఏనాడైనా అంత శ్రద్ధగా వంగి ఉంటే మాకు ఇంకో పంట పండేది.

చివరికి అంతా పచ్చబడింది. ఆయన ఎగిరి గంతేసి నా ముందు పెట్టాడు.

"ఏమే, ఇప్పుడు చెప్పు. పాతది గాదా?"

"పాతదే. అయితే ఈ తలుపు పుట్టినప్పటి నించి ఎవురూ తియ్యలేదేమో."

"అదేం మాట?"

"మన ముంత సూడు. చెయ్యి పట్టే కాడ మెరస్తాంటాది, సందుల్లో చిలుముంటాది. నీ పిడి మొత్తం పచ్చగుండాది. దొరలు కిటికీలోనించి దూకేవోళ్లా?"

మేస్త్రీ పకపకా నవ్వాడు. నేను ఎత్తిపొడిస్తే మా ఆయన దాన్ని ఉపదేశంగా తీసుకున్నాడు. అరుగు మీద కూర్చుని, పిడి చేతబట్టి, గాలిలో తలుపు తీస్తూ మూస్తూ, బొటనవేలు పడేచోట గుడ్డతో రుద్దసాగాడు. దారినపోయేవాళ్లు నిలబడి చూసి, నన్ను చూసి, జాలిపడి వెళ్లేవాళ్లు.

మద్రాసు పెద్దమనిషి వచ్చాడు. తెల్లజుట్టు, నుదుట విభూతి, మెత్తటి మాట. కారు చుట్టూ తిరిగి, పిడిని ప్రేమగా నిమిరాడు. "ఎన్ని చేతులు పట్టుకున్నాయో! ఇవన్నీ అప్పటివేనా?" అని అడిగాడు.

"అంతా అప్పటిదే సార్. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం జేస్తా!"

మా చిత్తూరు మగవాళ్లకు ఇదొక జబ్బు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని అందరికీ భయమే. అయినా వంకాయల బేరంలో కూడా ఆ మాట నోట్లోనించి జారిపోతుంది. విన్నవాడూ పట్టించుకోడు. కానీ ఈయన మద్రాసాయన. నిజమనుకుని రెండు చేతులూ జోడించాడు.

"నేనూ స్వామి దర్శనానికి పోవాలనుకుంటున్నాను. ఈ కారులోనే పోదాం రండి. అక్కడ మీరు ఆ మాట చెప్పేయండి, అక్కడే నేను సరే అనేస్తాను."

నేను వెంటనే కోక మార్చుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాను. ఇలాంటిది తప్పిపోతే మళ్లీ దొరకదు.

"ఇయ్యాల గుళ్లో జనం ఎక్కువుంటారు సార్," అన్నాడు దారిలో.

"ఉండనీండి."

"ఇంజను వేడెక్కినట్టుండాది సార్."

"బ్రహ్మాండంగా పోతోందే!"

రోజూ దగ్గే కారు ఆ పూట ఒక్కసారి కూడా దగ్గలేదు.

ప్రమాణం చేసేవాళ్లు కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందుకు పోవాలి. మా ఆయన మునిగాడు. లేచాడు. గట్టుకు మాత్రం రాడు. నడుములోతు నీళ్లలో నిలబడి నా వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా, నీళ్లలోనే కాపరం పెడతావా?" అని మెట్ల మీదినుంచి అరిచాను. "చెప్పేదేందో ఈడనే చెప్పు. లోపలికి పోయి అబద్ధమాడి నీకు కండ్లు పోతే, చెయ్యి పట్టుకోని తిప్పాల్సింది నేనే."

ఆయన తల దించుకున్నాడు. "సార్, పిడులు కొత్తవి. రింగులు కొత్తవి. మూత గూడా. చిలుము నేనే పట్టించినా."

"ఎలా పట్టించారు?"

"పేడదిబ్బలో పాతిపెట్టి, సార్."

పెద్దమనిషి పిడి నిమిరిన చేతిని ఒకసారి వాసన చూసుకున్నాడు. మెట్టు దిగి, కోనేట్లో శుభ్రంగా కడుక్కున్నాడు.

"కొత్తవైతే తప్పు లేదండీ," అన్నాడు. "పాతవి పోతే చేయించుకున్నామని చెబితే మేం చేర్చుకుంటాం. చాలా కార్లకు అలాంటివే ఉన్నాయి. కానీ పిడికి ఇంత చక్కగా వయసు పెంచినవారు ఇంజను గురించి చెప్పే మాట నేనెలా నమ్మేది? ఈసారికి వద్దులెండి."

దర్శనం చేసుకుని, అటునుంచి అటే బస్సెక్కి వెళ్లిపోయాడు.

మా ఆయన నీళ్లోడుతున్న పంచెతోనే వచ్చి కారెక్కబోయాడు.

"ఆగయ్యా!" అన్నాను. "దీంట్లో అబద్ధం లేకుండా పాతదంటే ఈ తోలుసీటొక్కటే. దాన్ని గూడా నానేస్తావా? పంచె పిండుకోని రా."

కారు వెనక నిలబడి పిండుకుంటున్నాడు. దర్శనానికి వచ్చిన రైతు ఒకాయన ఆగి, కారును పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, ఏ కాలందిది?" అని అడిగాడు.

మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"కారు పాతది. పిడులు కొత్తవి," అన్నాడు. ఆ రైతు అడగకపోయినా, మూత సంగతి కూడా చెప్పాడు.