మాబున్ని చేయని తప్పు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పైకి కనిపించే బరువు కాదు. వేళకు తింటాను, పడుకుంటే నిద్ర పడుతుంది, బేతంచెర్ల దగ్గర మా ఊళ్లో సూదులేసే నర్సమ్మనైన నేనంటే అందరికీ గౌరవమే. నిజం చెప్పాలంటే హాయిగానే బతుకుతున్నాను. ఇంత తప్పు చేసినదాన్ని ఇంత హాయిగా ఎలా ఉన్నాను? మీరు నాకు చుట్టం కారు, మా ఊరివాళ్లూ కారు. అందుకే మీకు చెబుతున్నాను.

పదో తరగతి పిల్లలకు టీడీ సూది వేయాలి, ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా రాకుండా. ఆ ఏడాది బడికి వెళ్లినప్పుడు ఎప్పటిలాగే ఆడపిల్లల్ని పక్కకు పిలిచి, నెలసరిలో ఉన్నవాళ్లు ఈ రోజు వేయించుకోవద్దు అన్నాను. అలా అనమని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ముట్టులో ఆవకాయ జాడీ తాకకూడదని మా అమ్మ పెట్టిన ఆంక్షను నేను తీసుకెళ్లి సూదికి అంటగట్టాను. మార్గదర్శకాల కాగితం నా సంచిలోనే ఉండేది. అంతా తెలుసన్న ధీమాతో మడత కూడా విప్పలేదు. షాహీన్ అనే పిల్ల తల వంచుకుని వెనక్కి వెళ్లిపోయింది. వారం తర్వాత హెల్త్ సెంటర్‌కు రమ్మన్నాను. రాలేదు. నేనూ మరిచిపోయాను.

కొన్ని నెలలకు ఆ పిల్లకు కంఠసర్పి వచ్చింది. ఊపిరి అందక కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. అప్పుడు విప్పాను ఆ కాగితం. రెండుసార్లు చదివాను. నెలసరి మాట ఎక్కడా లేదు. విచారణకు డాక్టరు వస్తున్నారని తెలిసి, రిజిస్టర్‌లో షాహీన్ పేరు ఎదురుగా ఖాళీగా ఉన్న చోట 'గైర్హాజరు' అని రాశాను. అక్షరాలు కుదురుగానే వచ్చాయి. ఆ సంగతీ చెప్పాలి కదా.

డాక్టరు షాహీన్ వాళ్ల ఇంటికే వచ్చారు. తల్లి మాబున్ని బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేది. కూతురికి బట్టలు తీసుకుపోదామని ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చి ఉంది.

"సూది ఎందుకు వేయించలేదమ్మా?" అన్నారు డాక్టరు.

"బడికి పంపిస్తి సార్. నర్సమ్మ వేసే ఉంటాది అనుకుంటి."

"ఆ రోజు పాప రాలేదు సార్," అన్నాను నేను, రిజిస్టర్ చూపిస్తూ.

మాబున్ని నావైపు చూసింది. కోపంగా కాదు. నేను రాశానంటే నిజమే అయి ఉంటుందన్నట్టు చూసింది. "అయితే నేనే పంపలేదేమో సార్. పనికి పోయే తొందరలో యాడ గుర్తుంటాది?"

ఇరుగుపొరుగు చూస్తుండగానే డాక్టరు ఆమెకు చీవాట్లు పెట్టారు. నేను తల దించుకుని నిలబడ్డాను. పాపం, నర్సమ్మ ఎంత బాధపడుతోందో అనుకున్నారట జనం.

షాహీన్ బతికింది. ఇప్పుడు బట్టల షాపులో పని చేస్తుంది, నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఆ నవ్వు విన్న రోజు నాకు అన్నం ఒక ముద్ద ఎక్కువే దిగుతుంది. ఆ పిల్లకు నిజం తెలుసు. తల్లికి ఎందుకు చెప్పలేదో అడిగే ధైర్యం నాకు లేదు. ఆ పనికిరాని ఆంక్ష మానేశాను. కొత్తగా వచ్చే నర్సుల చేత ముందు ఆ కాగితం విప్పించి చదివిస్తాను. దానితో సరిపోతుందా? సరిపోదని తెలుసు.

ఎందుకంటే మాబున్ని నా అబద్ధాన్ని నమ్మి ఊరుకోలేదు. జరగనిదాన్ని జరిగినట్టే గుర్తు పెట్టుకుంది. సూది రోజు దగ్గరపడితే తనే ఇల్లిల్లూ తిరుగుతుంది. "నా మాదిరి చేయద్దండమ్మా. ఆ పొద్దు పాపను ఇంట్లోనే నిలుపుకుంటి. శానా అనుభవిస్తి," అంటుంది. అన్న ప్రతిసారీ ఏడుస్తుంది. ఆమె పుణ్యమా అని మా ఊళ్లో ఒక్క పిల్లకూ సూది తప్పడం లేదు. నేను టీకాల పెట్టె పట్టుకుని ఆమె పక్కనే నిలబడతాను.

ఆమెకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం మనసు కాస్త తేలికపడుతోంది, ఆ మాటా దాచను. ఆ రోజు మాబున్ని కూతురిని బడికి పంపింది. పిల్ల వచ్చింది. యూనిఫారం చేయి పైకి మడుచుకుని వరుసలో నిలబడింది. వెనక్కి పంపింది నేను.