జాబితాలో లేని దగ్గు

నా జబ్బు నాకు మొదట కనిపించింది పొయ్యి దగ్గర బూడిద మీద. ఆ రోజు మా ఇంట్లో పదిహేను మందికి వంట. పిడకలు ఎగదోస్తుంటే దగ్గు వచ్చింది, పక్కకి ఉమ్మాను. తెల్లటి బూడిద మీద ఎర్రటి చార. మీద ఇంకో గుప్పెడు బూడిద పోసి కప్పేశాను, లేచి చారుకి పోపు పెట్టాను. అప్పటికే మూడు వారాలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. కొల్లేటి ఒడ్డున ఉంటున్నాం, నీటిగాలి, చెమ్మ, దగ్గు రాక ఏమవుతుంది అనుకుని మిరియాల కషాయం తాగుతున్నాను. మా వైపు ఆడవాళ్ళందరం దగ్గుకి చెప్పుకునే సమాధానం అదే.

ఆ వంట ఎందుకంటే, మా అరుగు మీద ఊరి పెద్దల మీటింగు. మా ఊళ్ళో సగం మంది వరి రైతులు, సగం మంది కొల్లేట్లో చేపలు పట్టుకు బతికేవాళ్ళు. ఊరి మడుగుల్లో చేపల హక్కుకి ఏటా వేలంపాట పెడతారు. ఆ డబ్బు ఊరందరిదీ, అమ్మవారి జాతరకి ఖర్చయ్యేది. మా వారు పంచాయతీలో లెక్కలు రాసేవారు. ఆయనా, వారానికోసారి ఏలూరు నుంచి పడవలో వచ్చే డాక్టరు గారూ కలిసి ఒక ఆలోచన చేశారు. పాట డబ్బులో జాతరకి కొంత ఉంచి, మిగతాదంతా ఒకే వైద్య నిధిలో వేయాలి. రైతయినా, కూలి అయినా, ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా డాక్టరు ఫీజు, మందులు, ఆసుపత్రి ఖర్చు ఆ నిధే చెల్లించాలి. జబ్బుపడ్డ మనిషి ఎవరినీ దేబిరించక్కర్లేదు.

మీటింగుకి ఆడవాళ్ళం రాకూడదు గానీ మాటలు వంటింట్లోకి బాగానే వినబడతాయి.

"అయ్యే పనేనాండీ ఇది?" అన్నారు పెద్ద రైతు సుబ్బారాయుడు గారు. "ఒళ్ళు చూసుకుని బతికేవాడు, తాగి తందనాలాడి రోగం తెచ్చుకున్నవాడికి పెట్టాలా? ఇహ చూసుకోండి, ముక్కు చీదినవాడల్లా డాక్టరు గారి ముందు కూర్చుంటాడు."

చేపలవాళ్ళ పెద్ద పోలయ్య గొంతు వినిపించింది. "మా పేటలో జొరం వస్తే బాడుగకి పడవ కట్టించుకునే దారి లేక పోతన్నారండి, ఆయ్. జాతర రెండేళ్ళకోసారి చేస్తే అమ్మోరు ఏవీ అనుకోదండి."

"అమ్మవారి సొమ్ము ముట్టుకుంటారా!" అని పదిమందీ ఒక్కసారి లేచారు.

డాక్టరు గారు మాత్రం నెమ్మదిగా అన్నారు: "సాధ్యమా కాదా అని అరుచుకోవడం దేనికండీ? ఏడాదికి ఊళ్ళో ఎంతమంది జబ్బు పడుతున్నారో రాయండి. నిధి మోయగలదో లేదో అప్పుడు తేలుతుంది."

ఆ రాసే పని మా వారి మీద పడింది. పది రోజులు ఇల్లిల్లూ తిరిగారు. అంటే, ప్రతి ఇంటి అరుగు మీదా కూర్చున్నారు. ఇంటి యజమానిని అడిగారు, అతను చెప్పింది రాశారు. లోపలికి వెళ్ళి ఎవరినీ అడగలేదు, అడిగే మర్యాద మా వైపు లేదు. ఆ జాబితా నేను చదివాను. తాడేపల్లిగూడెంలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. అందులో మగవాళ్ళ మలేరియా ఉంది, విరిగిన కాళ్ళున్నాయి, సుబ్బారాయుడు గారి ఎడ్లకి వచ్చిన గాలికుంటు కూడా ఉంది. ఆడవాళ్ళు లేరు. ఎడ్లున్నాయి, మేం లేం!

చివర మా ఇంటి పేరు రాసి, ఎదురుగా "జబ్బులు లేవు" అని రాసుకున్నారు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. దగ్గితే రక్తం పడుతోందంటే క్షయేనని లోలోపల తెలుసు. ఆడపడుచుకి సంబంధం కుదిరేలా ఉంది, వదినకి క్షయ అని తెలిస్తే వాళ్ళు గుమ్మం తొక్కరు. పైగా ఊరంతటికీ వైద్యం చేయిస్తానని తిరుగుతున్న మనిషి ఇంట్లోనే రోగమా అంటారని భయం. సిగ్గు కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఆ జాబితా చూసి డాక్టరు గారు పద్దు వేశారు. మోయొచ్చని తేలింది. సుబ్బారాయుడు గారు సణుగుతూనే ఒప్పుకున్నారు, నిధి మొదలైంది. మూడు నెలలు మా వారు ఛాతీ విరుచుకుని తిరిగారు.

నాలుగో నెలలో పోలయ్య కోడలికి కాన్పు కష్టమైంది. నిధి డబ్బుతో బాడుగకి పడవ కట్టారు, ఏలూరు ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, తల్లీ బిడ్డా బతికి వచ్చారు. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళకి ధైర్యం వచ్చింది. డాక్టరు గారు వచ్చే రోజున రేవు దగ్గర బారులు తీరారు. పాలిపోయిన బాలింతలు, రొమ్ములో గడ్డ ఉన్న ఒకావిడ, గర్భసంచి జారితే పదేళ్ళుగా పాత చీర బిగించి కట్టుకుని నాట్లు వేస్తున్న ముసలమ్మ. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా మీరంతా?" అని డాక్టరు గారు అడిగారట. ఎక్కడుంటాం, వంటిళ్ళలో ఉన్నాం. అప్పుడు కూడా నేను వెళ్ళలేదు. డబ్బు నీళ్ళలా పోతోందని మా వారు తల పట్టుకుంటుంటే ఎలా వెళ్తాను?

వరి కోతలప్పుడు కళ్ళంలో కుప్పకూలాను. నోటినిండా రక్తం. మా ఊరొచ్చే డాక్టరు గారే ఏలూరులో ఎక్స్‌రే తీయించి చూశారు.

"లెఫ్ట్ లంగ్‌లో కేవిటీ ఉందమ్మా, అంటే క్షయ తినేసి గుంట పడింది. దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది అవుతుందండి."

"ఏడాదా! అప్పుడే వచ్చుంటే చిన్న ప్యాచ్ అయుండేది. ఇప్పుడు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షను చెయ్యాలి, పాస్ పౌడరు తాగాలి. కంప్లీట్ రెస్ట్. నెలల తరబడి."

ఆ మందు ఖర్చు నిధి భరిస్తుందా లేదా అని మళ్ళీ మా అరుగు మీదే మీటింగు. నేను లోపల మంచం మీద పడుకుని వింటున్నాను, నా ప్రాణం మీద పాట పెట్టినట్టుంది.

"ఈవిడ ఒక్కరికే మిగిలిందంతా పెట్టినా సరిపోదండీ," అన్నారు సుబ్బారాయుడు గారు. "నే ముందే చెప్పలేదూ? పైగా ఊరందరి ఇళ్ళూ తిరిగి జాబితా రాసిన పెద్దమనిషి, సొంత ఇంట్లో క్షయ దాచిపెట్టాడు. దీన్నేవంటారండీ?"

పోలయ్య ఒక్కడే అడ్డం పడ్డాడు. "ఆయమ్మ దాచింది గానండి, మనం మాత్రం మన ఆడోళ్ళవి చెప్పావా?"

మా వారు నోరు విప్పలేదు. ఒక్క మాట, తనకి తెలియదని గానీ, నాకు మందు కావాలని గానీ, అనలేదు. నిధి మూసేశారు. ఇలాంటి పథకాలు కాగితం మీద తప్ప నడవవని తీర్మానం రాశారు, అది కూడా మా వారి చేతిరాతతోనే.

మా అన్నయ్య వచ్చి నన్ను తాడేపల్లిగూడెం, పుట్టింటికి తీసుకెళ్ళాడు. నా గాజులూ గొలుసూ మందులయ్యాయి. నాకు అమ్ముకోవడానికి బంగారం ఉంది. చీర బిగించి కట్టుకున్న ఆ ముసలమ్మకి ఏముంది? నిధి మూసిన ఆర్నెల్లకి ఆవిడ పోయింది. ఆ కబురు తెలిసి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

రోజూ ఇంజక్షను, రోజూ ఆ పాడు పౌడరు. తాగితే కడుపులో దేవేది. నా కంచం, గ్లాసు వేరు. రెండో నెలలో చెవుల్లో హోరు మొదలైంది, మంచం దిగితే నేల తిరిగేది. "స్ట్రెప్టోమైసిన్ వల్ల వెర్టిగో అమ్మా, ఇక వారానికి రెండుసార్లే చేద్దాం," అన్నారు గూడెం డాక్టరు గారు. ఇప్పటికీ కుడి చెవి సరిగా వినబడదు.

మా వారు ఒకసారి చూడ్డానికి వచ్చారు. "ముందే చెప్పుంటే రాసేవాణ్ణిగా?" అన్నారు.

"మీరు అడిగారాండీ?" అన్నాను. "ఊరంతటినీ అడిగారు. నన్ను అడిగారా?"

వెళ్ళేటప్పుడు ఏడ్చారు. నాకు జాలి వెయ్యలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఏడాదిన్నరకి స్ప్యూటం నెగటివ్, కళ్ళెలో క్రిములు లేవని చెప్పారు. ఊరికి తిరిగొచ్చాను. ఆ ఏడు జాతర మహా వైభవంగా చేశారు, రెండు మేళాలు పిలిపించారు. దానికి డబ్బు చాలుతుందా లేదా అని ఎవరూ మీటింగు పెట్టలేదు. ఏలూరు డాక్టరు గారు కనిపిస్తే, మన ఆలోచన తప్పా అండీ అని అడిగాను. "ఆలోచన తప్పు కాదమ్మా, జాబితా తప్పు," అన్నారు. నిజం జాబితా రాసి ఉంటే మొదటి రోజే వద్దనేవారేమో. లేక జాతర తగ్గించుకుని నడిపేవారేమో. అది తేల్చుకునే అవకాశం ఊరికి లేకుండా చేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అదే నన్ను తినేస్తుంది.

ఇప్పుడు పొలం పని చెయ్యలేను. మెట్లు నాలుగెక్కితే ఆయాసం. బతికున్నాను, అంతే.

ఇది చదివే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికి జబ్బు అని ఎవరు అడిగినా, గుమ్మంలోకి వచ్చి మీ నోటితో మీ పేరు చెప్పండి. మగవాళ్ళు చెబుతారని చూడకండి.

మొన్న క్షయ పరీక్షలవాళ్ళు మా వీధికి వచ్చారు. పక్కింటి కొత్త కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది, వాళ్ళ మామగారు "మా ఇంట్లో అందరం బావున్నావండీ," అంటున్నారు. నేను గోడ మీంచి కేకేశాను: "ఆ పిల్ల నెల్లాళ్ళుగా దగ్గుతోందండీ, రాసుకోండి!"

ఆ రోజు నుంచి ఆ ఇంటివాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు. పిల్ల మాత్రం ఎక్స్‌రేకి వెళ్ళింది.