గ్లాసు నీళ్ళడిగే కార్యదర్శి

బుధవారం పొద్దున స్కూలుకు బయలుదేరుతుంటే పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన అక్కడ ల్యాబ్ టెక్నీషియన్, మా సంఘం సభ్యుడు. "మేడం పోయిందప్పా" అన్నాడు. మా శాఖ కార్యదర్శి గురించే. జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరు దాకా నిలబడే పోయాను. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం అయిపోయింది. నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా రసాయనశాస్త్ర సంఘం రాష్ట్ర కమిటీ నుంచి వాట్సాప్‌లో సంతాప సందేశం వచ్చి ఉంది. పూలదండ బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు. "లక్ష్యాలన్నింటినీ నూటికి నూరు శాతం సాధించిన ఆదర్శ కార్యదర్శికి జోహార్లు. వారి లోటు తీరనిది." ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

అది పచ్చి అబద్ధం. మేడం లక్ష్యాలన్నింటినీ సాధించలేదు. సాధించలేదని ఆమే తన నోటితో చెప్పారు, కాగితం మీద సంతకం పెట్టి మరీ చెప్పారు, చెప్పినందుకు నానా మాటలూ పడ్డారు. సమాధి మట్టి ఆరకముందే ఆమె నెత్తిన ఆ వంద శాతాన్ని రుద్దితే ఊరుకోవడం నా వల్ల కాదు. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

ఆమె ప్రొద్దుటూరు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. నాకు డిగ్రీలో పాఠం చెప్పారు. రిటైరయ్యాక మా సంఘం స్థానిక శాఖకు కార్యదర్శి అయ్యారు. శాఖ అంటే ఏదో అనుకునేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు ఊళ్ళలోని లెక్చరర్లు, సైన్సు టీచర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు కలిసి ఒక చిన్న హాలు కూడా నిండం. అప్పటిదాకా మా వార్షిక ప్రణాళిక అంటే రెండు ఉపన్యాసాలు, ఒక వ్యాసరచన పోటీ, ఒక గ్రూపు ఫొటో. ఫొటోలో తలలు లెక్కపెట్టి హాజరు వేసి రాష్ట్రానికి పంపేవాళ్ళం. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్ళంటే మాకు ప్రత్యేకమైన గౌరవం, తలలు పెరుగుతాయి కదా.

కార్యదర్శిగా మొదటి సమావేశంలోనే మేడం ఆ నివేదిక చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అద్దాలు తీశారంటే ఎవరికో మూడినట్టే.

"ఉపన్యాసం అయింది. ఫొటో అయింది. ఆ తర్వాత ఏంది?"

"ఆ తర్వాత భోజనాలు మేడం" అన్నాడెవరో. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

"దీని వల్ల ఈ మూడు ఊర్లల్లో యాడన్నా ఒక్కటి మారిందా అని అడుగుతాండా. మారకుంటే మారలేదని రాయండి. దానికేం సిగ్గు?"

ఆ రోజే రెండు నియమాలు పెట్టారు. ఒకటి, ప్రణాళిక ఒకే కాగితం దాటకూడదు, ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరుండాలి. రెండోది, సమీక్షలో ఆ మనిషి లేచి 'అయింది' అనాలి, లేదా 'కాలేదు' అనాలి. 'జరుగుతోంది' అనే మాట నిషేధం. సర్కారు కొలువులు చేసే మాకు ఆ మాట లేకుండా నోరు పెగలదు. మొదటి సమీక్షలో సగంమంది లేచి నిలబడి, చేతులు నలుపుకుని, మెల్లగా 'కాలేదు' అని కూర్చున్నారు. ఇద్దరు అవమానమైందని సంఘమే మానేశారు. మేడం వాళ్ళను బతిమాలలేదు. బతిమాలి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆమెకు మెత్తగా మాట్లాడడం చేతనయ్యేది కాదు, ఆ మాటా ఇక్కడ దాచను.

మూడేళ్ళ ప్రణాళికకు ఆమె ఎంచుకున్నది నీళ్ళు. మా పల్లెల్లో కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన పిల్లలకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలొస్తాయి, పెద్దలకు కీళ్ళు బిగుసుకుంటాయి. సభ్యులం తలా రెండు పల్లెలు పంచుకున్నాం. నీళ్ళు పరీక్షించాలి, ఏ బోరు మంచిదో ఏది కాదో ఊరికి చెప్పాలి. రాష్ట్ర కమిటీ లెక్క అక్కడితో సరి, ఎన్ని నమూనాలు చూశారన్నదే వాళ్ళకు కావాలి. మేడం లెక్క అక్కడ మొదలయ్యేది. ఏడాది తర్వాత మళ్ళీ పోయి, ఎన్ని ఇళ్ళలో తాగే నీళ్ళు మారాయో చూసి రావాలి.

"పోయి అడగొద్దు" అన్నారు. "మా పరీక్ష మీకు పనికొచ్చిందా అంటే, శానా పనికొచ్చింది సార్ అంటారు. ఇంటికొచ్చినోళ్ళను బాధపెట్టడం మనోళ్ళకు చేతకాదు. గ్లాసు నీళ్ళడుగు. ఆ బిందెలో నుంచి పోసిందే నీకు జవాబు."

నీళ్ళు తాగి, రెండు గుక్కలు మిగిల్చి, అమ్మా ఇవి సీసాలో పోసుకుంటామని అడిగి తెచ్చుకోవాలి. తాగకుండా మొత్తం సీసాలో పోసుకుంటే ఒప్పుకునేవారు కాదు. "గ్లాసు పక్కన పెట్టినోడు రెండోసారి ఆ గడప ఎక్కలేడు" అనేవారు. మోకాళ్ళ నొప్పులతో బస్సులెక్కి దిగుతూ, ఎండలో నడుస్తూ, ఎన్ని ఇళ్ళలో ఎన్ని గ్లాసులు తాగారో ఆమెకే తెలియాలి.

ఇక నా సంగతి. నాకు వచ్చిన రెండు పల్లెలు వేముల వైపువి. మొదటి ఏడాది శ్రద్ధగానే పోయాను, పరీక్షించాను, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చెప్పాను. రెండో ఏడు పోవాల్సిన నెలలో పదో తరగతి పేపర్లు దిద్దే పని పడింది, ఎండలు మండుతున్నాయి. ఇంట్లో కూర్చుని, 'చాలా ఇళ్ళలో తాగునీరు మారింది' అని రాసి పంపాను. పెద్దమనుషులు తలలూపారు కదా, మారే ఉంటుందనుకున్నాను. మేడం అప్పుడు జ్వరంతో ఉండి అన్ని కాగితాలతో పాటు దాని మీదా సంతకం పెట్టేశారు. నివేదిక రాష్ట్రానికి పోయింది. అందరికన్నా బాగా పనిచేసిన శాఖ మాదేనని కబురొచ్చింది.

జ్వరం తగ్గాక మేడం చేసిన మొదటి పని నా పల్లెకు బస్సెక్కడం. నాకు చెప్పలేదు. ఓ ఆదివారం ఇంటికి రమ్మన్నారు. వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద చిన్న సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఫ్లోరైడ్ పరీక్ష మందు చుక్కలు వేసి, రంగు చూడమన్నారు. అన్నీ ఫ్లోరైడ్ ఎక్కువుందని చూపే పోయినేడాది రంగులోకే తిరిగాయి.

"ఇవి యాడివో తెలుసునా?"

నాకు అర్థమైంది. "మేడం... జనంలో మార్పు జరుగుతాండాది..." అన్నాను.

"ఆ మాట ఈడ లేదు గదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. స్టవ్ మీద టీ పెడుతూ అటు తిరిగే మాట్లాడారు. "మా అబ్బాజాన్ బంగారు అంగట్లో గీటురాయి మీద నగలు గీసి చూసేటోడు. పెండ్లికని తెచ్చిన నగ ఉత్తదని తేలితే మనిషి ఆడనే ఏడ్చేటోడు. ఏడుస్తాడని రాయి మాట మారుస్తాదా? సరేలే, నీ ఒక్కని తప్పు కాదు. చూడకుండా సంతకం పెట్టింది నేను."

రాష్ట్ర సమావేశానికి ఇద్దరం కలిసే వెళ్ళాం. మా శాఖను వేదిక మీదకు పిలిచారు. మేడం మెట్లెక్కి, శాలువా కప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మైకు ముందుకు జరిగారు. "మేము పంపిన నివేదిక తప్పు. నేను తిరిగి చూసొచ్చినా. నీళ్ళు మారలా. మా పని కాలేదని రాసుకోండి" అన్నారు. హాలంతా గుసగుసలు. ఎవరు రాశారీ తప్పుడు లెక్క అని వేదిక మీంచి ఒకాయన గట్టిగానే అడిగాడు. "మా శాఖ రాసింది. కార్యదర్శిని నేను" అన్నారామె. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. నేను లేవలేదు. లేచి 'నేనే' అనడానికి రెండు అక్షరాలు చాలు, అవి కూడా నా నోట రాలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె చిక్కీ ముక్క విరిచి నా చేతిలో పెట్టారు. దాన్ని తినకుండా జేబులో వేసుకున్నాను.

తర్వాత ఏమైందంటారా? నీతికథ అయితే చప్పట్లు కొట్టి ఉండాలి. మాకు తాఖీదు వచ్చింది. పని చూపించని శాఖను పక్క శాఖలో కలిపేస్తాం అని. మేడం దాన్ని చదివి, వెనకవైపు తెల్లగా ఉందని కొత్త ప్రణాళిక దాని మీదే రాశారు.

ఆ ప్రణాళికకు మూలం నా పల్లెలో ఒకావిడ. ఆమె ఇంట్లోనే మేడం నీళ్ళడిగి తాగారు. సీసాలో పోసుకుంటుంటే ఎందుకమ్మా అని ఆవిడ అడిగిందట. పోయినేడు ఇట్ల పరీక్ష చేశాం, ఊర్లో చెప్పాం అని మేడం అంటే, "ఎవరికి చెప్పినారు? నీళ్ళు తెచ్చేది మేము. మాకు ఎవరూ చెప్పలా" అందట. మేడం ఆ మాట మా అందరికీ చెప్పి, మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. అన్ని చదువులు చదివిన మేము, బిందె ఎవరి నడుము మీద ఉంటుందో చూడకుండా, జీవితంలో బిందె ఎత్తని మగవాళ్ళను కూర్చోబెట్టి రసాయనశాస్త్రం చెప్పి వచ్చాం. నా పల్లెల్లోనే కాదు, అందరం అంతే.

ఆ ఏడాది నుంచి కొళాయిల దగ్గర, బోర్ల దగ్గర ఆడవాళ్ళ ముందే పరీక్ష చేశాం. మందు చుక్క వాళ్ళచేతే వేయించాం. కొన్ని ఇళ్ళలో నీళ్ళు మారాయి. చాలా ఇళ్ళలో మారలేదు, మంచి బోరు దూరం, మోసే ఓపిక ఉండొద్దా? చివరి సమీక్షలో మేడం తన పల్లెల పేర్లు రాగానే అందరికన్నా ముందు లేచి, గోడ పట్టుకుని నిలబడి, "ఒకటి అయింది. ఒకటి కాలేదు" అని చెప్పి కూర్చున్నారు. అది జరిగిన కొన్నాళ్ళకే పోయారు.

సంతాపసభ ప్రొద్దుటూరులో కాలేజీ మేడ మీద హాల్లో పెట్టాం. రాష్ట్ర కమిటీ నుంచి పెద్దాయన కారులో వచ్చాడు. మంచి మాటకారి. వంద శాతం మాటే మళ్ళీ అన్నాడు. వంద శాతం సాధించిన శాఖకు ఏటా ఆమె పేరిట పురస్కారం ఇస్తామన్నాడు. ఆ నోటితోనే, మేడం లేని ఈ శాఖను నడిపేవాళ్ళు లేరు కాబట్టి పక్క శాఖలో కలిపేయడమే ఆమెకు గౌరవం అని కూడా అన్నాడు.

నేను లేచాను. "అయ్యా, ఆ రోజు తప్పుడు లెక్క రాసింది నేను. మేడం నా పేరు చెప్పలేదు. ఆమె లక్ష్యాలు వంద శాతం కాలేదు. ఇదిగో ఆమె చివరి సమీక్ష" అని చదివాను. అయింది, కాలేదు, కాలేదు, అయింది, కాలేదు. అన్నీ చదివాను. పులివెందుల ల్యాబ్ టెక్నీషియన్ వెనక నుంచి "గట్టిగా చదువప్పా" అన్నాడు.

పెద్దాయన ఓపిగ్గా విని, "సరేనండీ. మరి ఆమె పల్లెలు ఇక ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఇంతలో చివరి వరసలోంచి ఒకావిడ లేచింది. వేముల వైపు నా పల్లెలో మేడానికి నీళ్ళిచ్చిన ఆవిడే. ఎవరు చెప్పారో, ఎన్ని బస్సులు మారిందో.

"మేడం చూసే రెండూర్లు మా ఊరి పక్కవే. అవి నాకు రాయండి. ఆ మందు ఏసేది మేడం నాకు నేర్పించింది."

"అమ్మా, ఇది శాస్త్రవేత్తల సంఘం. సభ్యత్వానికి అర్హత ఉండాలి, నియమావళి ఉంది..."

నేను అప్పటికే దరఖాస్తు కాగితం తీశాను. పేరు రాశాను. అర్హత అన్న గడి దగ్గర కలం ఆగింది. "అక్కా, ఇక్కడేం రాయమంటావు?"

"ఏడో తరగతి. నీళ్ళు మోస్తాను. ఉండేదే రాయి నాయనా."

ఉన్నదే రాశాను.

"ఇది చెల్లదు" అన్నాడు పెద్దాయన.

"చెల్లకుంటే తిప్పి పంపండి సార్. మళ్ళా రాస్తాం" అన్నాడు టెక్నీషియన్.

ఆవిడ ఆ మాటలేవీ వినిపించుకోలేదు. బల్ల మీద మేడం ఫొటో పక్కన పెట్టిన ఆమె పరీక్ష సీసాల పెట్టెను రెండు చేతులా ఎత్తి నడుము మీద పెట్టుకుంది. ఆఖరి బస్సుకు టైమవుతోందని తలుపు వైపు నడిచింది. పెద్దాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆవిడ మెట్లు దిగుతుంటే పెట్టెలో సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మేమంతా మేడ మీద నిలబడి చూశాం.